ఇస్త్రీ పెట్టె చప్పుడు

మా మనవరాలికి చదువు చెవిలోంచి ఎక్కుతుంది. కొందరికి రాస్తే వస్తుంది, కొందరికి చూస్తే వస్తుంది, దీనికి మాత్రం గట్టిగా అంటేనే వస్తుంది. అనడానికి వినేవాళ్ళు ఒకరుండాలి కదా. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఇంటికొచ్చేసరికి దానికి తన పేరే గుర్తుండదు. ఇక మిగిలింది నేనూ, నా ఇస్త్రీ బల్లా.

మనవరాలిని పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు అరచేతిలో పట్టింది. ఇప్పుడు మా మెట్లకింది గదిలోకి రావాలంటే తల వంచుకోవాలి, అయినా పిచ్చుకే.

మా పద్ధతి చెబుతాను. ఒక చొక్కాకి ఒక జవాబు. నేను కాలరు మొదలుపెట్టగానే అది జవాబు మొదలుపెట్టాలి, నేను మడత పెట్టేలోపు ముగించాలి. తప్పు పోతే నేను నోరు తెరవను. ఇస్త్రీ పెట్టె కాస్త ఎత్తి బల్ల మీద ఠక్కుమనిపిస్తాను. అది ఆగి, వెనక్కెళ్ళి, దిద్దుకుని మళ్ళీ వస్తుంది. ఒకటో తరగతి ఎక్కాల నుంచీ ఇదే వరస. పుస్తకం నేను చూడక్కర్లేదు. ముందురోజు ఒకసారి చదివి వినిపిస్తే చాలు. నేను చదివింది మూడో తరగతి, కానీ నా చెవిలో పడ్డది ఊడదు. ఇరవయ్యేళ్ళ కిందట ఎవరి చొక్కాకి ఎన్నో బొత్తాం లేదో ఇప్పటికీ చెప్పగలను. అదేం గొప్ప కాదు, ఒక జబ్బు.

ఇంగ్లీషు కూడానా అంటారేమో. ఇంగ్లీషు ముక్క అర్థం కాదు నాకు. కానీ పద్యానికి ఒక నడక ఉంటుంది, మాట జారితే కుంటుతుంది. కుంటిందంటే ఠక్.

ఆ ఏడాది పరీక్షలు మామూలువి కావు. పై తరగతులకి మా బడిలో ఉచిత సీటు ఒక్కటే ఉంది. ఇంగ్లీషు సాహిత్యంలోనూ హిస్టరీలోనూ ఎనభై దాటాలి, ఏ ఒక్కదాంట్లో తగ్గినా సీటు లేదు. సీటు రాకపోతే ఆసుపత్రిలో వాళ్ళమ్మ పక్కన ఒక తొట్టి ఖాళీగా ఉంది. అక్కడి సూపర్‌వైజరు రెండుసార్లు అడిగాడు కూడా, "మీ పిల్ల ఎప్పటినుంచి వస్తుంది" అని, చుట్టాలమ్మాయిని పెళ్ళికి పిలిచినట్టు. వాళ్ళమ్మ చేతులు చూస్తే మీకు తెలుస్తుంది ఆ తొట్టి ఏమిటో. మందునీళ్ళకి తోలు ఊడి ఊడి, వేళ్ళకి గీతలే లేవు.

ఆ సీటు ఇచ్చేది నూలు మిల్లు పెద్దాయన పేరున పెట్టిన ట్రస్టు. బడి కట్టించిందీ ఆయనే. ఆయన పోయి చాలా కాలమైంది, మిల్లూ మూతపడింది. ఫోటో మాత్రం బడి ఆఫీసు గదిలో, గడియారం పక్కన ఉంటుంది.

ముందు ఇంగ్లీషు పట్టాం. ఒక కథ చదివింది. భర్త ఓడెక్కి పోతాడు, తిరిగి రాడు. ఆవిడ పాతికేళ్ళు రోజూ కొండ మీద దీపం పెడుతుంది.

"ఆవిడ గుణం గురించి రాయాలి అమ్మమ్మా."

"నూనె ఎవరు పోశారు?"

"ఏంటి?"

"పాతికేళ్ళంటే ఎంత నూనె. ఏం పనిచేసి కొనేది?"

"పుస్తకంలో లేదు."

"ఉండదు. రాసినాయన జన్మలో దీపం బుడ్డి తుడిచి ఉండడు."

అది నవ్వింది. "ఇంగ్లీషులో సొంత అభిప్రాయం రాస్తే మార్కులేస్తారు, టీచరు చెప్పింది. ఇదే రాసేస్తా చూడు."

"రాయి. ఎదురుచూపు గురించి అందరూ రాస్తారు. మరి హిస్టరీలో?"

"హిస్టరీలో అభిప్రాయాలుండవు. జరిగింది జరిగినట్టు రాయాలి."

"అంతేగా మరి" అన్నాను. ఎవరిదో తెల్లచొక్కా, జేబు దగ్గర మరక, దాని మీద నీళ్ళు చిలకరించుకుంటూ అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే నవ్వొస్తుంది.

హిస్టరీలో చివరి పాఠం మన ఊరి పరిశ్రమలు. పది మార్కుల ప్రశ్న తప్పకుండా దాంట్లోంచే వస్తుందని పిల్లలందరికీ తెలుసు. పిచ్చుక మొదలుపెట్టింది. మిల్లు ఎప్పుడు కట్టారు, ఎన్ని కదుళ్ళు, ఎంతమందికి పని. నేను చేతుల మడతలు సరిచేస్తున్నాను.

"ఆ ఏడాది వరదలో నదినీరు మిల్లులోకి ప్రవేశించగా, యజమాని ముందుచూపుతో తలుపులన్నీ తెరిపించి కార్మికులందరినీ సురక్షితంగా బయటకు తరలించారు."

ఠక్.

అది ఆగింది. పుస్తకం తెరిచి చూసుకుంది. "సరిగ్గానే చెప్పానే."

"చెయ్యి జారింది. కానియ్."

మర్నాడు మళ్ళీ అదే లైను, మళ్ళీ ఠక్. మూడో రోజు కూడా. నేను కొడుతున్నానని నాకు తెలియదు, ఒట్టు. చప్పుడు విన్నాకే తెలిసేది. నాలుగో రోజు అది వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మమ్మా, నీ చెయ్యి ఈ ఒక్క లైను దగ్గరే జారుతుందేం?"

"ముసలి చెయ్యి."

"ముసలి చెయ్యి అన్నిచోట్లా జారాలి."

దీనికి చదువు చెప్పించడం ఇందుకే తప్పు అనిపించింది ఆ క్షణాన. పెట్టెని స్టాండు మీద పెట్టాను. ఎవరికీ చెప్పనిది, మా అమ్మాయికి కూడా చెప్పనిది, దానికి చెప్పాను. పెద్ద కథేం కాదు, రెండు చొక్కాలు చేసేంత సేపు.

"నేను మిల్లులో పై అంతస్తు, దారం చుట్టే చోట. మా చెల్లి కింద, దూది ఏకే గదిలో. దానికి పదిహేడేళ్ళు. కింది గదికి ఒకటే ఇనుప తలుపు, బయట తాళం. దూది కొంగులో పెట్టుకుపోతారని సైరను కూసేదాకా తీసేవాళ్ళు కాదు. తాళంచెవి పెద్దాయన బల్ల సొరుగులో ఉండేది, ఆయనేమో ఆ పూట ఊళ్ళో లేడు. నీళ్ళొచ్చాయి. మేం బయటి మెట్ల మీద నిలబడ్డాం. కిందివాళ్ళు లోపలినుంచి ఇనపముక్కతో తలుపు మీద కొడుతున్నారు. చాలాసేపు కొట్టారు."

"తర్వాత?"

"తర్వాత కొట్టలేదు."

అది నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. "ఎంతమంది?"

"తొమ్మిది."

"మరి ఎవరూ చెప్పలేదా?"

"కాగితాలు తెచ్చారు. చెల్లి ఆ రోజు పనికే రాలేదని, ఒడ్డున బట్టలుతుకుతూ కొట్టుకుపోయిందని రాసుంది. నాకు సంతకం వచ్చు. అయినా వేలిముద్రే కావాలన్నారు, అందరివీ ఒకేలా ఉండాలంట. వేసినవాళ్ళకి పని ఉంచారు. ఒక్క ఇంటివాళ్ళు వెయ్యలేదు. నెల తిరక్కుండా ఊరు విడిచిపోయారు."

"నువ్వు వేశావా?"

"అమ్మ వేసింది. నేనూ వేశాను."

అది నా ముఖం చూడలేదు, బొటనవేలు చూసింది. నేను వేలు గుప్పిట్లో దాచుకుని పెట్టె అందుకున్నాను.

"విన్నావుగా, ఇక మర్చిపో. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయాలి."

"అబద్ధమని తెలిసీనా?"

"చచ్చినవాళ్ళకి మార్కులక్కర్లేదు, నీకు కావాలి. నువ్వు ఆ తొట్టి దగ్గరికి పోకూడదు. కానియ్, మొదట్నుంచి. ఆ ఏడాది వరదలో..."

ఇలా కూతురి బిడ్డకి అబద్ధం వల్లెవేయించినదాన్ని నేను. పరీక్ష దాకా రోజూ ఆ జవాబు చెప్పించాను. గుక్కతిప్పుకోకుండా అనేది పిల్ల. ఆ లైను దగ్గరికి వచ్చేసరికి నేను పెట్టెని రెండు చేతులతో అదిమి పట్టుకునేదాన్ని. అయినా లేచేది, అయినా మోగేది. ఒక్కరోజు కూడా చప్పుడు లేకుండా ఆ లైను దాటలేదు. "అది లెక్కలోకి రాదు, నువ్వు కానియ్" అనేదాన్ని. పెట్టె పక్కన పెట్టి వట్టి చేతులతో కూర్చుని వింటే పోయేది. అంత చిన్న సంగతి తట్టలేదు నాకు. పని ఆపి కూర్చోవడం అనేది నా ఒంట్లో లేదు. ఆ బుద్ధిలేనితనానికి ఎవరిని తిట్టుకోను.

ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషులో తొంభై ఒకటి. హిస్టరీలో డెబ్భై నాలుగు.

హిస్టరీ టీచరు నన్ను బడికి పిలిపించింది. చిన్నమనిషి, కళ్ళజోడు జారుతుంటే తోసుకుంటూ మాట్లాడుతుంది. ముందు ఇంగ్లీషు పేపరు చూపించింది. దీపం నూనె గురించి పిచ్చుక రాసిన చోట ఎర్రసిరాతో ఏదో ఉంది.

"చాలా బాగా ఆలోచించావు అని రాశారమ్మా."

తర్వాత హిస్టరీ పేపరు తిప్పింది. పుస్తకంలో లైను పొల్లుపోకుండా రాసి ఉంది, అందమైన అక్షరాలు. దాని మీద అడ్డంగా ఒక గీత. కింద వేరే రాసి ఉంది. అది మన భాషే కాబట్టి కూడబలుక్కుని చదివాను. "తలుపు తెరవలేదు. తొమ్మిది మంది పోయారు. అందులో ఒకరు మా చిన్నమ్మమ్మ." పక్కన పదికి సున్నా.

ఎక్కడా లేని ఆడదాని దీపానికి నూనె అడిగితే మెచ్చుకున్నారు. నిజంగా ఉన్న ఆడపిల్ల ఉందన్నందుకు సున్నా.

"ఇది నిజమేనా అని నేను అడగనమ్మా" అంది టీచరు, గొంతు తగ్గించి. "నేనూ ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నా. నెలలో ఇంకొకసారి రాయనిస్తారు, సీటు అప్పటిదాకా ఆపుతారు. ఈసారి పుస్తకంలో ఉన్నది రాయించండి."

"రాయించే పంపాను తల్లీ" అన్నాను.

ఇంట్లో మా అమ్మాయి చెప్పులు విప్పకుండానే సంగతి విని గడపలో చతికిలబడింది. "బాగుంది. అమ్మమ్మా మనవరాలూ కలిసి ఊరిని ఉద్ధరించారు. నాకు తెలియని పిన్ని ఒకావిడ ఉందని మార్కుల కాగితం చూసి తెలుసుకోవాలి నేను. రేపట్నుంచి ముగ్గురం కలిసే పోదాం పదండి, తొట్టికి ఒకరం." నేను చెంబుతో నీళ్ళు తెచ్చి దాని పక్కన పెట్టాను.

పిచ్చుక గోడకి ఆనుకుని ఉంది.

"ఆ లైను ఎందుకు కొట్టేశావే?" అన్నాను.

"నేను ధైర్యం చేసి రాయలేదు అమ్మమ్మా. పుస్తకంలోదే రాశా. చుక్క పెట్టగానే నీ చప్పుడు వినిపించింది. చిన్నప్పట్నుంచీ అది వినిపిస్తే తప్పు రాసినట్టేగా. చెయ్యి దానంతటదే దిద్దేసింది. హాల్లోంచి బయటికొచ్చాక తెలిసింది ఏం చేశానో."

నేను దాని తల నిమరబోయాను. పక్కకి జరిగింది.

"నోరు మూసుకున్నదానివి చెయ్యి కూడా మూసుకోవాల్సింది. లేదంటే ముందే అందరికీ చెప్పాల్సింది. రెండూ చెయ్యకుండా నా నెత్తిన పెట్టావు."

పదహారేళ్ళ పిల్ల. తప్పు మాట ఒక్కటి లేదు అందులో.

రెండోసారి చదువు మొదలైంది. ఆ రోజు నేను పట్టపగలు ఇస్త్రీ పెట్టె వైరు పీకేశాను. బట్టల మూట అలాగే ఉంది. ముక్కాలిపీట మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. పిచ్చుక నిలబడి మొదలుపెట్టింది. ఎప్పుడు కట్టారు, ఎన్ని కదుళ్ళు, ఎంతమందికి పని. వరద వచ్చింది, ముందుచూపు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, అందరూ సురక్షితంగా బయటకు వచ్చారు.

అక్కడ ఆగింది. మర్చిపోయి కాదు. బల్ల మీద చల్లారిపోయిన పెట్టె వంక చూసింది, తర్వాత నా చేతులు ఉండాల్సిన చోటు చూసింది. వీధి కుళాయి దగ్గర ఎవరిదో బకెట్టు నిండి పొర్లుతోంది. తొడల కింద వేళ్ళు తిమ్మిరెక్కాయి, తీయలేదు.

"తర్వాత?" అన్నాను.

"ప్రాణనష్టం జరగలేదు" అంది.

ఎనభై నాలుగు వచ్చాయి. సీటు కాగితం తీసుకోవడానికి నేనే వెళ్ళాను, మా అమ్మాయికి సెలవు దొరకలేదు. ఆఫీసు గదిలో ఫోటో కింద బల్ల. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, అడక్కుండానే సిరాపెట్టె మూత తీశాడు. సంతకం వచ్చు అని నోటిదాకా వచ్చింది. వేలు చాపాను. తుడుచుకోమని ఇంత కాగితం ముక్క ఇచ్చాడు, మర్యాదస్తుడే.

పిచ్చుక ఇప్పుడు పై తరగతిలో ఉంది. బాగా చదువుతోందని టీచరు చెబుతుంది. గట్టిగా అంటే తప్ప రానిది, ఇప్పుడు అనకుండానే వస్తోందంట. గోడవైపు తిరిగి కూర్చుని మనసులో చదువుకుంటుంది, పెదవి కూడా కదలదు. నేను నా చొక్కాలు చేసుకుంటూ ఉంటాను. పెట్టె దించాల్సి వచ్చినప్పుడల్లా, చప్పుడు కాకుండా, ముందు పాత దుప్పటి ముక్క నాలుగు మడతలు వేసి బల్ల మీద పరుచుకుంటున్నాను.