గెయిన్ తగ్గించిన రోజు

కుట్టుమిషన్ల మెకానిక్ పొద్దున్నే ఆరున్నరకల్లా రేడియో ముందు కూర్చుంటాడు. పాతికేళ్ళ పిచ్చి అది. మేడ మీద తీగ కట్టి, ముక్కూమొహం తెలియని వాళ్ళతో గంటల తరబడి వాతావరణం గురించి మాట్లాడటంలో ఏం సుఖముందో వీధిలో ఎవరికీ ఇంతవరకు అంతుబట్టలేదు. బల్ల నిండా ఉండే పాత సెట్టు పోయి ఇప్పుడు అరచేతిలో పట్టే డబ్బా వచ్చింది. గాల్లోంచి వచ్చినదాన్ని అంకెలుగా మార్చడం డబ్బా పని. ఆ అంకెల్లోంచి గొంతుల్ని విడదీయడం కంప్యూటరు పని. తెర మీద ఒక్కో స్టేషనూ ఒక్కో గీతగా కనబడుతుంది.

ఆరూ యాభైకి అతను భార్య వైపు తిరుగుతాడు.

"ఇంక బయల్దేరతావా?"

ఆమె చెప్పులేసుకుని, నాలుగు వీధుల అవతలున్న పార్కు దాకా వెళ్తుంది. ఏడున్నరకి తిరిగొస్తుంది.

ఎందుకంటే ఏడింటికి పాప వస్తుంది. పాప పోయి పద్నాలుగు నెలలు. తొమ్మిదేళ్ళ పిల్ల. చనిపోయిన మూడోవారం నుంచి రోజూ ఏడింటికి, ఏ స్టేషనూ లేని ఖాళీలో సన్నటి గీతగా వచ్చి, ఇరవై నిమిషాల పాటు పదమూడో ఎక్కం చదువుతుంది. పదమూడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. ఉన్నప్పుడూ అక్కడే ఆగేది. పక్క ఊళ్ళో రేడియో పెట్టుకున్న పెద్దాయన కూడా విన్నాడు. "సిగ్నల్ మరీ సన్నగా ఉందయ్యా, తీగ పొడుగు పెంచు" అన్నాడు, అంతే. రికార్డు చేసి భార్యకి వినిపిద్దామని మెకానిక్ చాలాసార్లు చూశాడు. మళ్ళీ పెడితే ఉత్త హోరు.

ఆమె గదిలో ఉంటే ఆ కాస్తా వినబడదు. పాప పోయినప్పటి నుంచీ ఆమె దుఃఖం కూడా గాల్లోకే వెళ్తోంది. ఆమె నడిచొస్తుంటే వీధిలో టీవీలు గరగరమంటాయి. ఆమె సందు దాటేదాకా ఇళ్ళవాళ్ళు సౌండు తగ్గించుకుని, దాటాక పెంచుకుంటారు. కానీ డబ్బాకి అంత ఓర్పు లేదు. అది కొలవగలిగిన దానికి ఒక హద్దుంది. హద్దు దాటి వస్తే అలల తలలు తెగిపోతాయి, ఓవర్‌లోడ్ దీపం ఎర్రగా వెలుగుతుంది, తెరంతా లేనిపోని గీతలతో నిండిపోతుంది. అందులో పాపని ఎక్కడని వెతుకుతాడు?

ఈమధ్య పాప గొంతు మరీ సన్నబడింది. సన్నటి సిగ్నల్ని పెద్దది చేసే గెయిన్‌ని మెకానిక్ పెంచుతూ పెంచుతూ చివరిదాకా తెచ్చాడు. దాంతో ఆమె పార్కులో ఉన్నా దీపం వెలగడం మొదలైంది.

"మీ తమ్ముడి దగ్గర ఉండొస్తావా, కొన్నాళ్ళు?" అన్నాడు ఓ రోజు, తెర మీంచి చూపు తిప్పకుండా.

తమ్ముడి ఊరు ఆరు గంటల ప్రయాణం.

"కొన్నాళ్ళంటే?"

పాప వచ్చినన్నాళ్ళూ అని ఆమెకే అర్థమైంది. బట్టలు సర్దుకుంది. బస్సు మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి.

ఆ పొద్దున ఆరూ యాభైకి ఆమె పార్కుకి వెళ్ళలేదు. స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"ఒక్కసారి నేనూ వింటానండీ. వినకుండా వెళ్ళలేను."

దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. పాప వినబడదని అతనికి తెలుసు, కానీ ఆ మొహం చూసి కాదనడానికి నోరు రాలేదు. పక్కన బలమైన స్టేషనుంటే ముందు గెయిన్ తగ్గించాలని కొత్తవాళ్ళందరికీ పాఠం చెప్పేది అతనే. పెద్దాయన అదే మాట నెలల తరబడి చెప్తున్నా పెడచెవిన పెట్టాడు. తగ్గిస్తే పాప అడుక్కి వెళ్ళిపోతుంది మరి. మధ్యలో ఎక్కడో ఒకచోట ఇద్దరూ పట్టకపోతారా అన్న ఆశతో, పాప పోయాక మొదటిసారి గెయిన్ వెనక్కి జరిపాడు. నలభై. ముప్పై. పద్దెనిమిది దగ్గర దీపం ఆరిపోయింది.

పాప గీత లేదు. లేనిపోని గీతలు కూడా పోయాయి. నిబ్బరంగా, స్పష్టంగా ఒకే ఒక్క గీత మిగిలింది. అతను దాని మీద నొక్కాడు. స్పీకర్లోంచి భార్య గొంతు వచ్చింది. పక్కన ఆమె పెదవులు బిగుసుకునే ఉన్నాయి.

"ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా అంది. పరీక్ష ఉంది కదా, ఏం కాదులే అన్నాను. జడ వేస్తుంటే మెడ కాలిపోతోంది. అయినా నేనే పంపాను. నేనే పంపాను."

ఆగకుండా అదే మాట. ఆ పొద్దున పాప బాగానే ఉందని కదా ఆమె అందరికీ చెప్పింది. పద్నాలుగు నెలలుగా ఈ మాటని హోరనుకుని, వీధులు దాటించి తరిమేసినందుకు అతనికి సిగ్గేసింది.

ఆమె తల దించుకుంది. "ఇదా వినబడేది?"

"ఇదే."

"పాప?"

"అడుగున ఉంది. గెయిన్ పెంచితే మళ్ళీ దీపం వెలుగుతుంది. నువ్వు దూరంగా ఉంటేనే..."

"అయితే వెళ్తాను. మీరైనా వినండి."

"కూర్చో" అన్నాడు. "ఆ రోజు బడి నుంచి నాకు ఫోనొచ్చింది. రాలేదని నీతో అబద్ధం చెప్పాను. చేతులకి నూనె ఉంది. ఈ మిషనొకటి అయ్యాక చేద్దాంలే అనుకున్నాను. మూడుసార్లు మోగింది."

ఏడూ ఇరవై దాటింది. తెర అడుగున, పద్దెనిమిదికి అందనంత లోతున, పాప ఎక్కం ఎక్కడో ఆగిపోయే ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని పొద్దులు వచ్చిందో, ఎప్పుడు రావడం మానేసిందో వాళ్ళకి తెలియలేదు. అతను మళ్ళీ గెయిన్ ముట్టుకోలేదు. ఎనిమిదిన్నర కూడా దాటింది.

"మూడుసార్లా?" అందామె.

"మూడుసార్లు."

ఆమె స్టూలు మీంచి లేవలేదు.