కుర్చీ మీద వ్రతం

నేను ఒక మోకాలిని. పుట్టి ఇన్నేళ్ళయినా ఒక్క అడుగు వేయలేదు, ఏ దేవుడికీ వంగి దణ్ణం పెట్టలేదు. అలాంటి దాన్ని మోకాలు అనవచ్చునా అనే సందేహం నన్ను ఏళ్ళ తరబడి వేధిస్తూనే ఉంది. భగవంతుడు ఒక్కొక్కరిని ఒక్కొక్క పనికి పుట్టిస్తాడంటారు. నన్ను మాత్రం నలుగురికీ చూపించడానికే పుట్టించాడు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోసి నా ఎముకలు చేశారు. కొనలకు ఉక్కు తొడుగులు వేసి, మధ్యన తెల్లటి బిళ్ళ పెట్టి బిగించారు. అట్టపెట్టెలో కాకినాడ వచ్చి ఒక ఎముకల ఆసుపత్రిలో పడ్డాను. పెద్ద డాక్టరు గారి బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాయడం నా మొదటి ఉద్యోగం. ఊళ్ళో అందరి కాళ్ళూ వంచి చూసే ఆయనకు నన్ను ఒక్కసారి వంచి చూసే తీరిక దొరకలేదు.

తర్వాత ఫిజియోథెరపీ చేయించే హైమ నన్ను అడిగి తీసుకుంది. మోకాలి మార్పిడికి సిద్ధమయ్యే వాళ్ళకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ ప్రతి గురువారం తరగతి పెట్టడం ఆమె ఆలోచన. గోడ మీద బొమ్మలు చూపిస్తే సగం మంది కునికారు. నన్ను చేతికివ్వగానే కళ్ళు విప్పారు. సంతలో వంకాయలు నొక్కినట్టు నన్ను నొక్కి చూశారు. “తుప్పు పట్టదు కదమ్మా?” అని ఒకరు, “వానాకాలం కిర్రుమంటదేమో?” అని ఇంకొకరు.

ఒక్క మాట దాకా తరగతి చక్కగా సాగేది. “ఆపరేషన్ తర్వాత నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోకూడదు” అని హైమ చెప్పగానే ఎవరో ఒకరు చెప్పులు వెతుక్కునేవారు.

ఒక గురువారం అలా లేచినవారు సామర్లకోట మంగాయమ్మగారు. పెళ్ళయిన కొత్తలో భర్త బుల్లియ్యగారికి కామెర్లు ముదిరితే, ఆయన బతికి బట్టకడితే సత్యనారాయణ వ్రతం చేస్తానని ఆవిడ మొక్కుకున్నారు. ఆయన బతికారు. కోతలు, పురుళ్ళు, ఇల్లు కట్టుకోవడం, ఏదో ఒకటి వ్రతానికి అడ్డం పడుతూ వచ్చింది. చివరికి మోకాళ్ళే అడ్డం పడ్డాయి.

“పీటేసుకుని కూచోలేనప్పుడు నాకీ కొత్త కాలెందుకమ్మా? మొక్కు తీరకపోతే ఆ స్వామికి ఏ మొహం చూపించను?”

“ఇప్పుడున్న కాళ్ళతో మాత్రం కూచుంటున్నావేంటే?” అన్నారు బుల్లియ్యగారు.

“మీరూరుకోండి. మీరు బతికినందుకే కదా నాకీ అవస్థ!”

అందరూ ఘొల్లుమన్నారు. హైమ మాత్రం ఆలోచనలో పడింది. ఏం చేయకూడదో చెబుతోంది గానీ, వీళ్ళు అసలు నేల మీద దేనికి కూర్చుంటారో తానెన్నడూ అడగలేదు. మరుసటి వారం తరగతిని ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టింది. కూరలు తరగడానికన్నారు, పూలు కట్టడానికన్నారు, మనవడికి నీళ్ళు పోయడానికన్నారు. ఒక్కోదానికీ బల్లో, ఎత్తు పీటో కుదిరింది. పూజ దగ్గర మాత్రం ఆగిపోయింది. కుర్చీలో కూర్చుని పూజ చేసినా తప్పు లేదని తాను చెబితే ఎవరు నమ్ముతారు?

అందుకని ఆ పై వారం పురోహితులు అవధాన్లుగారిని పిలిచింది. ఆయన మోకాళ్ళు కూడా మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవే. ఫోన్ చేసి బతిమాలి మంగాయమ్మగారినీ రప్పించింది.

“అమ్మా, రెండేళ్ళుగా నేను ముక్కాలిపీట మీద కూర్చునే వ్రతాలు చేయిస్తున్నాను. పంచె చాటున మీకెవరికీ కనపడలేదు. ఇంతవరకూ ఏ స్వామీ అలిగి లేచిపోలేదు.”

“తప్పు కాదాండీ పంతులుగారూ?”

“మనం కిందికి దిగలేకపోతే ఆయన పీట కాస్త ఎత్తు చేద్దాం. అంత ఎత్తుకు రాలేనివాడా ఆయన?”

అక్కడికక్కడే సాధన మొదలైంది. బల్ల మీద పసుపు గుడ్డ పరిచారు, కలశానికి బదులు మంచినీళ్ళ చెంబు పెట్టారు. పటం లేకపోతే అవధాన్లుగారు అటూ ఇటూ చూసి నన్నే మధ్యన నిలబెట్టారు. మంగాయమ్మగారు కుర్చీలో కుదురుకుని, అలవాటు కొద్దీ నాకు బొట్టు పెట్టి కళ్ళు మూసుకున్నారు. దేవుడి చోట కూర్చోవడం ఎంత ఇబ్బందో నాకు ఆ పూట తెలిసింది. అందరూ ఏదో ఒకటి అడుగుతారు, బదులివ్వడానికి నోరుండదు.

కళ్ళు తెరిచి ఆవిడ, “ఎప్పుడు చేస్తారమ్మా ఆపరేషను?” అన్నారు.

కొన్ని నెలల తర్వాత ఒక గురువారం, తరగతి నడుస్తుండగా గుమ్మంలో నెయ్యి వాసన గుప్పుమంది. మంగాయమ్మగారు రవ్వ ప్రసాదం గిన్నె రెండు చేతులా పట్టుకుని, కర్ర లేకుండా నడిచొచ్చారు. వెనకాల బుల్లియ్యగారు గోడ పట్టుకుని వస్తున్నారు.

“అయిదు కథలూ కుర్చీలో హాయిగా విన్నానమ్మా. ఈయనేమో మగాణ్ణి, నాకేం అని పీటేసుకున్నారు. ఉద్వాసన చెప్పాక స్వామి లేచారు గానీ ఈయన లేస్తేనా! నేనే చెయ్యిచ్చి లేపాను.”

బుల్లియ్యగారు వెళ్ళి రోగుల వరసలో కూర్చున్నారు. మంగాయమ్మగారు అందరి చేతుల్లోనూ ప్రసాదం పెట్టి, ఖాళీ గిన్నె బల్ల మీద ఉంచి, పైకి చూసి చేతులు జోడించారు.

“ఆలస్యం చేశాను గానీ, ఎగ్గొట్టలేదు స్వామీ.”