బస్టాండులో అరణపు బర్రె

రుక్మాబాయి కొడుకుతో మాట్లాడక రెండేళ్లు దాటింది. అలాగని వేరు పడలేదు. ఒకే ఇల్లు, ఒకే వంట. కొడుకు ఎదురుగా కూర్చుని తింటుంటే ఆమె కోడలి వైపు తిరిగి, "సీతా, పప్పు కావాల్నేమో అడుగు" అనేది. జలపతిరావు కూడా తక్కువ తినలేదు. "చాలని చెప్పు" అనేవాడు తల్లి వినేలా. ఇద్దరి నడుమ సీతాబాయి పప్పుగిన్నెతో పాటు మాటల్నీ మోసేది. కాపురానికి వచ్చిన కొత్తలో కూడా ఆమె ఇంత అలిసిపోలేదు.

అలక అంతా మట్టి గురించి. జలపతిరావు కచేరీలో గుమాస్తా పని వదిలిపెట్టి బడిలో డ్రాయింగు సారుగా చేరాడు. దాన్నైనా ఆమె ఓర్చుకునేదేమో గానీ, పెరట్లో కూర్చుని బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. "కాలికి మట్టంటకుండ పెంచిన. ఇప్పుడు మోచేతుల దాక పిసుకుతుండు" అని ఆ రోజు మూసిన నోరు కొడుకుతో మళ్లీ తెరవలేదు.

కరీంనగర్ బస్టాండు కొత్తగా కట్టినప్పుడు, ఎదురుచూసే జనం నవ్వుకునేదేదైనా చేసి పెట్టమని అధికారులు అతన్ని అడిగారు. అతను సిమెంటు బర్రెను చేశాడు. బెంచీ మీద మనిషిలా కాలు మీద కాలేసుకుని, చంకలో గొడుగు, ఒళ్లో మూట పెట్టుకుని, బస్సు వచ్చే వైపు మెడ చాచి చూస్తుంటుంది. ఊరికి అది తెగ నచ్చింది. "బర్రె కాడ నిలబడు, వస్తున్న" అనడం అందరికీ అలవాటైంది. దుబాయి నుంచి దిగినవాళ్లు దాని పక్కన సూట్‌కేసు పెట్టి, "జర చూస్తుండు బర్రెమ్మా" అని చాయ్ తాగడానికి పోయేవారు.

రుక్మాబాయి మాత్రం అటు తొంగి చూడలేదు. "బర్రెను కూసోబెట్టిండట! అందరు నవ్వుతున్నరు" అని ఇంట్లోనే కుమిలిపోయింది.

ఆ మంగళవారం రుక్మాబాయి కోడలితో కొండగట్టు గుడికి పోవాలి. ఎప్పుడూ తీసుకుపోయే మరిది చొక్కారావు జీపు చెడిపోయింది. చేసేది లేక ఆమె బస్సుకు ఒప్పుకుంది. అటు పోయే జగిత్యాల బస్సు ఆగేది సరిగ్గా బర్రె ముందే. సీతాబాయికి పొద్దటి నుంచీ అదే ఆలోచన. చూసి ఏమంటుందో! ఒక్క మంచి మాట అంటే చాలు. సంచి మోసుకొచ్చిన జలపతిరావు దాన్ని బెంచీ దగ్గర దించి దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాడు.

రుక్మాబాయి కొంగు నిండుగా కప్పుకుని, బర్రెకు వీపు పెట్టి అదే బెంచీ కొసన కూర్చుంది.

అక్కడే గంపలో జాంపండ్లు అమ్మే పోశవ్వ ఊరుకోలేదు. "దొరసానమ్మా, జర అటు జరుగుండ్రి. ఆమెకు ఇరుకైతుంది. మీకన్న ముందొచ్చి కూసున్నది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరికి ఇరుకైందో చూద్దామని రుక్మాబాయి తల తిప్పింది.

బర్రె ఒక కొమ్ము మామూలుగా వెనక్కి తిరిగి ఉంది. రెండోది కిందికి వేలాడుతూ చెంపను తాకుతోంది. దానికెవరో తువ్వాల తగిలించారు. రుక్మాబాయి లేచి ఆ తువ్వాల తీసి పక్కన పెట్టి, కొమ్ము మీద చెయ్యి వేసింది.

"సీతా, గిది మా గౌరి."

ఆ పేరు సీతాబాయి ఎన్నోసార్లు విన్నది. అత్తమ్మ పెళ్లప్పుడు చెన్నూరు పుట్టింటివారు అరణపు కానుకగా ఇచ్చి పంపిన బర్రె. కొత్త ఊళ్లో అది అత్తమ్మ చేతికి తప్ప ఎవరికీ పాలు చేపేది కాదట. ఇంటినిండా పనివాళ్లున్నా పొద్దున్నే ఆమే కొట్టంలోకి పోయి పాలు పిండేదట.

అంతలో రుక్మాబాయి చెయ్యి కొమ్ము నుంచి చెవి మీదికి జారి ఆగిపోయింది. నొసలు ముడిపడింది.

"గిదేంది? చెవు నిండుగున్నది! గౌరి చెవు చీలి ఉండె. ముండ్లకంచెల ఇరుక్కుంటె నేనే గుంజిన. రక్తం కారుతుంటె పసుపు పెట్టిన. వానికి చెప్పు సీతా, గింత కూడ తెల్వకుండ..."

ఆమె ఆ నిండు చెవిని నిమిరింది.

"వానికెట్ల తెలుస్తది?" అంది మెల్లగా. "కొట్టంలకు రానిస్తె గద. పేడ అంటుతదని గడపల్నే నిలబెడుతుంటి. ఏడుస్తుండె, లోపలికొస్తనని. ఆడికెల్లి చూస్తె కొమ్ములే కనవడుతయి."

"జగిత్యాల బస్సొచ్చింది!" పోశవ్వ కేకేసింది. జనం ఉరికారు. కిటికీల్లోంచి తువ్వాలలు, సంచులు సీట్ల మీద పడ్డాయి. సీతాబాయి సంచి అందుకుంది. రుక్మాబాయి కదల్లేదు. స్తంభం వైపు చూసింది.

"జలపతీ! ఇటు రా."

సీతాబాయి అలవాటు కొద్దీ భర్త వైపు తిరిగి, "అత్తమ్మ మిమ్మల్ని..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకుంది. అతను అప్పటికే వచ్చేశాడు.

"ఇగో, ఇక్కడి దాక చీలాలె." రుక్మాబాయి సిమెంటు మీద గోటితో గీసి చూపించింది.

"రేపు ఉలి తెచ్చి చేస్తనమ్మా."

"నువ్వొక్కనివే చేస్తె మల్ల తప్పు చేస్తవ్. నేను గూడ వస్త."

బస్సు కదిలిపోయింది. "అయ్యో, బస్సు పాయె గదనే తల్లీ!" అంది పోశవ్వ.

"ఇంకోటి వస్తది తియ్యి," అని రుక్మాబాయి బర్రె పక్కనే మళ్లీ కూర్చుంది, ఈసారి దాని వైపు తిరిగి. "కూసో. కడమది గూడ చెప్త. తోక గిట్ల ఉంటదారా?"

"తోక బాగానే ఉందమ్మా."

"నువ్వు చూసినవా, నేను చూసిన్నా?"

వాళ్లట్లా వాదులాడుకుంటుంటే సీతాబాయి సంచి కింద పెట్టి, పోశవ్వ దగ్గర ఒక జాంపండు కొనుక్కుని, అవతలి బెంచీ మీద కూర్చుని, ఉప్పు అద్దుకుంటూ తీరిగ్గా తిన్నది.