రోడ్డు మీద నల్ల గొట్టం

రోడ్డు మీద పుల్ల కనబడితే మేస్త్రికి అన్నం సయించదు. పద్నాలుగు కిలోమీటర్ల రోడ్డు అతని గ్యాంగు చేతిలో ఉంది. దాని మీద పడింది రాయైనా, తెగిన చెప్పైనా, తాడు ముక్కైనా ఏరి షెడ్డులో పెట్టడం ముప్పై ఏళ్ల అలవాటు. మాట మాత్రం అవసరమైతేనే ఆడతాడు.

ఆ రోడ్డులో ఇరుకు వంతెన ఒకటుంది. ఈసారి సర్కారు డబ్బుతో దాన్ని వెడల్పు చేయకపోతే బస్సు నడపబోమని డిపో వాళ్లు తేల్చేశారు. మేస్త్రి కోడలు ఆ బస్సులోనే పట్నం ఆసుపత్రికి నర్సు పనికి వెళ్లొస్తుంది.

"బస్సు ఆగితే పిల్లదాన్ని తీసుకుని అక్కడే గది చూసుకోవాలి మామయ్యా," అంది కోడలు ఫోనులో జాబితా చూస్తూ. "మొత్తం నూట పది రోడ్లు. మొదటి పదిహేనుకే డబ్బు. మనది అరవై మూడు."

"ఎవరు వేశారు ఆ నంబరు?"

మేస్త్రి భార్య గరిటె ఆపింది. "మీ మామయ్య ఒక్కసారే నాలుగు మాటలు మాట్లాడారు. వానొస్తుందేమో, ఆరేసిన బట్టలు తియ్యవే."

మర్నాడు మేస్త్రి రోడ్ల శాఖ పెద్దాఫీసుకు వెళ్లాడు. గోడ నిండా పటాలున్న గదిలో ఇంజనీరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"నంబరు ఎలా వస్తుందమ్మా?"

ఆమె కుర్చీ చూపించింది. "వచ్చినవాళ్లంతా మార్చమంటారు గానీ ఎలా వస్తుందని ఎవరూ అడగరు. గుంతలకు కొన్ని మార్కులు, ప్రమాదాలకు కొన్ని. ఎక్కువ మార్కులు తిరిగే బండ్లకే. మీ రోడ్డు మీద వారంలో పదకొండు బండ్లే తిరిగాయి."

"బస్సొకటే రోజుకు ఆరుసార్లు తిరుగుతుంది."

"యంత్రం చెప్పిందే మరి. రోడ్డుకు అడ్డంగా సన్నటి నల్ల రబ్బరు గొట్టం కొడతాం. చక్రం ఎక్కినప్పుడల్లా పక్కనున్న పెట్టె లెక్కేసుకుంటుంది."

పోయిన నెల వంతెన దగ్గర మేకులు పీకి, గొట్టాన్ని చుట్టచుట్టి, పురికొస కట్టి దాచింది మేస్త్రే. పోగొట్టుకున్నవాడు వెతుక్కుంటూ వస్తాడని అలమరలో పైన పెట్టాడు కూడా. నోరు మూసుకుని లేచిపోవచ్చు. అప్పుడు కోడలి గది ఖాయం.

"ఆ గొట్టం నా షెడ్డులో ఉందమ్మా."

"వారం చివర్లో దొంగలెత్తుకుపోయారని మావాళ్లు రాశారే! మీరెప్పుడు తీశారు?"

"పెట్టిన పూటే."

ఇంజనీరమ్మ నుదురు పట్టుకుని, ఆపుకోలేక నవ్వింది. "దొంగే నయం. రెండ్రోజులు ఆలస్యంగానైనా వచ్చేవాడు. జాబితా ఇంకా ఖాయం కాలేదులెండి, మళ్లీ లెక్కిద్దాం. వారం పాటు దాన్ని ముట్టుకోకండి."

ఆ వారమంతా మేస్త్రి భోజనం వేళ గొట్టం పక్కనే కూర్చున్నాడు. బస్సు గొట్టం దాటితే రెండు టక్కులు. పది చక్రాల లారీకి మూడే. చక్రాలను కాదు, ఇరుసులను లెక్కిస్తోందని మూడో రోజుకు తెలిసింది. ఆ సంగతి ఇంట్లో చెబితే, "ఇన్నేళ్లకు మీతో కబుర్లాడే తోడు దొరికింది," అంది భార్య.

ఏడో రోజు ఇంజనీరమ్మ పెట్టె కోసం వచ్చేసరికి, మేస్త్రీ ఇంకొకతనూ కంకర తోపుడుబండిని చెరోవైపు పట్టి గొట్టం మీదుగా ఎత్తి దాటిస్తున్నారు.

"అదీ బండే కదా, ఎందుకు మోస్తున్నారు?"

"పోయినసారి తగ్గించాను. ఈసారి పెంచకూడదు కదమ్మా."

నెల తిరక్కుండా కొత్త జాబితా వచ్చింది. కోడలు బస్సు దిగి గుమ్మంలోంచే చెప్పింది.

"పద్నాలుగు, మామయ్యా. గది వెతకక్కర్లేదు."

మేస్త్రి తల ఊపాడు. చెప్పులు తొడుక్కోబోయి ఆగాడు. ఒక రోడ్డు పైకెక్కితే పదిహేనులోంచి ఇంకొకటి దిగాలి కదా.

"మరి పదహారోది ఏ రోడ్డు?"

భార్య కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, బట్టలు తీయడానికి లేచింది.