వారానికి పన్నెండు గంటలు

మూడో ఇంటి ముందు వ్యాను ఆపి డ్రైవరు కిందికి దిగాడు. పక్క తలుపు తీసి, ఎత్తుపీట తెచ్చి దాని కింద వేశాడు. తాపీమేస్త్రి పీట మీద కాలు మోపబోయే ముందు దాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. ముప్పై ఏళ్లు గోడల పక్కన కట్టిన కర్రల మీద నిలబడి పనిచేసిన మనిషి, ఆ మాత్రం అనుమానం ఉంటుంది.

"గట్టిగానే ఉంది బాబాయ్. ఆరేళ్లుగా అదే పీట," అన్నాడు డ్రైవరు.

"ఉంటే ఉందిలే. చూసుకుంటే పోయేదేముంది," అంటూ మేస్త్రి ఎక్కి కూర్చున్నాడు.

వ్యానులో ఎక్కేది ఐదుగురు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరింటి నుంచి వాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, ఏడున్నరకల్లా డయాలసిస్ కేంద్రంలో దించాలి. అక్కడ మిషను వాళ్ల ఒంట్లో రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్లీ లోపలికి పంపుతుంది. దానికి నాలుగు గంటలు పడుతుంది. అది అయ్యాక మళ్లీ ఎవరింటి దగ్గర వాళ్లను దించాలి. ఇదీ డ్రైవరు ఉద్యోగం. నలభై నాలుగేళ్ల వయసు, కొద్దిగా బొజ్జ, కిటికీలో మోచెయ్యి పెట్టి నడిపే అలవాటువల్ల రెండో చేతికంటే నాలుగు పాళ్లు నల్లబడ్డ ఒక చెయ్యి. వీధిలో ఎదురైతే ఎవరూ తిరిగి చూడరు. చూడలేదని ఆయన బాధపడ్డదీ లేదు.

కాకపోతే ఇవాళ, శుక్రవారం, తొమ్మిదింటికి ఆయనకు పరీక్ష ఉంది. బి.కాం.లో మిగిలిపోయిన ఒకే ఒక్క పేపరు, గణాంకాలు. మిగతావన్నీ ఏదోలా గట్టెక్కాయి కానీ ఇది మాత్రం రెండుసార్లు తన్నింది. ఆన్‌లైన్ కాలేజీవాళ్లు ఒక పేపరుకు మూడే అవకాశాలిస్తారు. ఇవాళ కూడా పోయిందంటే మూడున్నరేళ్ల చదువు అటకెక్కినట్టే.

ఆఖరి ఇల్లు టైపిస్టమ్మది. అరవై తొమ్మిదేళ్ల మనిషి, చెల్లెలి దగ్గర ఉంటుంది. వ్యాను సందు మలుపు తిరిగేసరికే గేటు బయట నిలబడి ఉంటుంది. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచేతి మీద నరం తాడులా పైకి లేచింది. ఆ చేతికి ఏదీ తగలకుండా ఎడంగా పెట్టుకుని, డ్రైవరు వెనక సీట్లో సర్దుకుంటుంది. ఒక ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు టైపు కొట్టి రిటైరయింది. ఎవరెవరి సంతకాలతోనో వెళ్లిన ఉత్తరాలన్నీ ఆమె వేళ్ల మీదుగా వెళ్లినవే.

"రాత్రి పడుకున్నావా అబ్బాయ్?" అని అడిగింది.

"పడుకున్నాను పెద్దమ్మా. పెందలాడే."

"నిద్ర పట్టిందా అని అడగనులే. పడుకున్నావు, అది చాలు."

అసలు ఈ చదువు మొదలైందే ఆమె నోటివల్ల. నాలుగేళ్ల కిందట ఒకరోజు డయాలసిస్ ముగించుకుని ఆమె బయటికి వచ్చేసరికి, డ్రైవరు సీటు వెనక్కి వాల్చి, ఫోను గుండెల మీద పెట్టుకుని గురక పెడుతున్నాడు. ఆమె కిటికీ అద్దం మీద వేలితో కొట్టి లేపింది.

"వారానికి పన్నెండు గంటలు. ఏడాదికి ఆరువందల ఇరవై నాలుగు. నేనంటే ఆ పన్నెండు గంటలూ పడుకోక తప్పదు. నీకేమొచ్చింది?"

డ్రైవరు అప్పటికి నవ్వేశాడు. ఆ లెక్క మాత్రం బుర్రను తొలిచింది. తండ్రి మంచాన పడితే, డిగ్రీలో చేరిన మూడు నెలలకే మానేసి స్టీరింగు పట్టుకున్న మనిషి ఆయన. తర్వాత నడపని బండి లేదు. ఎవరైనా ఏం చదివావని అడిగితే చాలు, "డిగ్రీ... మధ్యలో..." అని నీళ్లు నమిలేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ మాట మధ్యలోనే ఉండిపోయింది. ఆ రాత్రి భార్యకు చెబితే, "ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది?" అని తేల్చేసింది.

చేరడం తేలికే. ఫోనులో నాలుగు చోట్ల నొక్కితే కాలేజీ వచ్చేసింది. ఆ తర్వాతే తలప్రాణం తోకకొచ్చింది. పాసువర్డు మూడుసార్లు మరిచిపోయాడు. రికార్డు చేసిన పాఠాన్ని ఆపి వెనక్కి తిప్పవచ్చని తెలియక, నెల రోజులు లెక్చరర్ వేగానికి పరుగెత్తుతూ నోట్సు రాశాడు. పైగా టైపు రాదు. ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటే పేరాకు గంట పట్టేది. అందుకని తెలివి ఉపయోగించి, మొదటి అసైన్‌మెంటును బండి నడుపుతూ ఫోనుకు నోటితో చెప్పి రాయించాడు. వెనక సీట్లలోవాళ్ల మాటలు కూడా ఫోను శ్రద్ధగా రాసుకుంది. 'సంస్థ నిర్వహణలో ప్రణాళిక ముఖ్యం' అన్న వాక్యం పక్కనే 'నిన్న అరటిపండు తిన్నాను, డాక్టరుకు చెప్పకండి' అని పడింది. తిన్నది తాపీమేస్త్రి. కిడ్నీలు పాడైనవాళ్లకు అరటిపండు పనికిరాదు. డ్రైవరు అదేమీ చూసుకోకుండా పంపేశాడు. సున్నా వచ్చింది. సున్నా కింద లెక్చరర్ ఒక వాక్యం రాశాడు: 'డాక్టరుకు చెప్పడమే మంచిది.'

వ్యానులో ఐదుగురూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. డ్రైవరు మాత్రం ఆ పూటే మానేద్దామనుకున్నాడు. తర్వాతి ట్రిప్పుకు టైపిస్టమ్మ ఒక అట్టపెట్టె మూత మీద అక్షరాల మీటలు గీసి తెచ్చింది. ఏ వేలితో ఏ అక్షరం కొట్టాలో రంగులు వేసింది. ఎర్రలైటు పడ్డప్పుడల్లా డ్రైవరు స్టీరింగు మీద వేళ్లు ఆడించేవాడు. తప్పు వేలు పడితే వెనకనుంచి "ఉంగరం వేలు" అని గొంతు వినిపించేది. మూడు నెలలకు పది వేళ్లూ దారికొచ్చాయి, ఫోనుకు తగిలించే చిన్న కీబోర్డు ఒకటి కొనుక్కున్నాడు.

"డ్రైవరు సీట్లో కూర్చుని చదవకు. అక్కడ కూర్చుంటే నీకు రోడ్డే కనిపిస్తుంది," అని కూడా ఆమే చెప్పింది. అప్పటినుంచి మూడో వరసలో కిటికీ పక్క సీటు ఆయన కాలేజీ అయింది. అందరినీ దించగానే వెళ్లి అక్కడ కూర్చునేవాడు. ఎనిమిదికి పాఠం, పదింటికి నోట్సు, పదకొండుకు టైపు. అర్థం కానిది అర్థం కాలేదని ఫోనులో క్లాసు గ్రూపులో అందరి ముందూ రాయడానికి మొదట్లో సిగ్గుపడేవాడు. "నువ్వు డ్రైవరువని వాళ్లకేం తెలుసు, అడుగు," అని ఆమె పోరు పెడితే ఒకరోజు అడిగాడు. సాయంత్రానికల్లా పదిహేడు మంది 'నాకూ అర్థం కాలేదు' అని కింద రాశారు. ముక్కూ మొహం తెలియని ఆ పదిహేడు మందినీ ఆయన చుట్టాల్లా చూసుకున్నాడు.

గణాంకాల పేపరు మొదటిసారి నెట్‌వర్కు ఆగిపోవడంవల్ల పోయింది. రెండోసారి పోవడానికి కారణం తలుచుకుంటే ఇప్పటికీ మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వుతాడు. పరీక్ష రాస్తున్నంతసేపూ ఫోను కెమెరా చూస్తూనే ఉంటుంది. ఇంకో మనిషి కనిపించకూడదు, ఇంకో గొంతు వినిపించకూడదు. డ్రైవరు మూడో వరసలో కూర్చుని సగం పేపరు చకచకా చేశాడు. అంతలో ఒక పెద్దమనిషి కిటికీలోంచి తల లోపలికి పెట్టి, "కళ్ల ఆసుపత్రికి ఎటెళ్లాలి బాబూ?" అని అడిగాడు. డ్రైవరుకు దారి చెప్పకుండా ఉండటం చేతకాదు. ఎడమకు తిరిగి, రెండో సందు వదిలేసి, పెట్రోలు బంకు దాటాక అని పూర్తిగా చెప్పి, నమస్కారం కూడా పెట్టి తలతిప్పేసరికి పరీక్ష రద్దయింది.

అందుకే ఇవాళ కేంద్రంలో ఇన్‌ఛార్జి నర్సు సామాన్ల గది ఇచ్చింది. గోడల పొడవునా సెలైన్ పెట్టెలు, మధ్యలో ఒక బల్ల, ఒక కుర్చీ. గదికీ వార్డుకీ మధ్య చెక్క గోడ. ఐదుగురూ మంచాల మీద సర్దుకున్నాక డ్రైవరు వార్డులోకి తొంగిచూశాడు. టైపిస్టమ్మ చేతికి అప్పటికే గొట్టాలు తగిలించారు.

"వెళ్లొస్తాను పెద్దమ్మా."

"ప్రశ్న రెండుసార్లు చదువు. అత్తెసరు మార్కులు పట్టుకుని నా దగ్గరికి రాకు."

లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు. తొమ్మిదింటికి మొదటి ప్రశ్న తెర మీదికి వచ్చింది. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. రెండుసార్లు చదివాడు. సగటు, మధ్యగతం, అన్నీ ఎరిగిన మొహాలే. వేళ్లు వాటి చోట్లకు అవే వెళ్లాయి. వార్డులో రోజూ ఈపాటికి టీవీలో ఏది పెట్టాలని పోట్లాట నడుస్తూ ఉంటుంది. ఇవాళ టీవీ కూడా లేదు. తన కోసమే కట్టేసి ఉంటారనుకున్నాడు. పదీ ఇరవై అప్పుడు గోడ అవతల అడుగుల చప్పుడు, తర్వాత చక్రాల చప్పుడు వినిపించాయి. ఆక్సిజన్ బండి కాబోలనుకున్నాడు. సంభావ్యత లెక్క ఒకటి మొండికేసింది. దాన్ని వదిలి, చివర మళ్లీ వచ్చి సాధించాడు.

పదకొండింటికి తెర మీద ఫలితం వచ్చింది. డెబ్బై ఒకటి, ఉత్తీర్ణత. డ్రైవరు దాన్ని కూడా రెండుసార్లు చదివాడు.

గడియ తీసి బయటికి వచ్చేసరికి నర్సు తలుపు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ఎంతసేపటినుంచి కూర్చుందో.

"అయిందా అన్నయ్యా? పాసేనా?"

"పాసమ్మా. డెబ్బై ఒకటి. పెద్దమ్మకు చెప్పాలి."

నర్సు లేచి నిలబడింది. "పదింటికి ఆవిడకు బీపీ పడిపోయింది. మేం చేయాల్సిందంతా చేశాం. అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపించాం. ఇందాకే ఫోనొచ్చింది. దారిలోనే పోయారట. చెల్లెలుగారు అక్కడికే వెళ్లారు."

డ్రైవరు వార్డులోకి చూశాడు. కిటికీ పక్కన పెద్దమ్మ మంచం మీద దుప్పటి అప్పుడే మార్చారు. నలుగురూ మిషన్ల గొట్టాలతో కట్టేసినట్టు, కదలకుండా, ఆయన వంక చూస్తున్నారు.

"నన్ను పిలవాల్సింది కదమ్మా. ఒక్కసారి చూసుకునేవాణ్ణి."

"పిలుద్దామనే తలుపు దాకా వచ్చాను. ఆవిడే ఆపింది. ఇంకెంతసేపుందని అడిగింది. నలభై నిమిషాలన్నాను. అయితే వాణ్ణి కదపొద్దంది. వీళ్లందరితోనూ అదే చెప్పింది."

డ్రైవరుకు కోపం వచ్చింది. నర్సు మీద, ఆ నలుగురి మీద, అన్నిటికంటే పెద్దమ్మ మీద వచ్చింది. రేపు ఇదే మిషను దగ్గర తమ వంతేమో అనుకుంటూనే ఈ నలుగురూ ఆమె వెళ్లడం చూశారు. పక్కగదిలో ఒకడు పరీక్ష రాస్తున్నాడని నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని పడుకున్నారు. తన కన్నతల్లిదండ్రులు కూడా ఇంత చేయగలిగేవారా అనిపించింది. ఆ కోపం ఎటు పోయిందో పోయింది. స్టూలు మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నర్సు ఏడవనిచ్చింది.

పన్నెండింటికి పీట వేసి నలుగురినీ ఎక్కించుకున్నాడు. మేస్త్రి ఇవాళ పీటను నొక్కి చూడలేదు. డయాలసిస్ అయ్యాక ఎవరికీ మాట్లాడే ఓపిక ఉండదు. రెండు సిగ్నళ్లు దాటాక మేస్త్రి అడిగాడు.

"ఎన్నొచ్చాయన్నావు?"

"డెబ్బై ఒకటి బాబాయ్."

"పొద్దున మేమంతా నీ మార్కుల గురించే అనుకున్నాం. నేను యాభై దాటితే గొప్పన్నాను. ఆవిడ డెబ్బైకి తగ్గడంది. తగ్గితే అది ప్రశ్నల తప్పేనంది."

డ్రైవరు తల ఊపాడు. చెప్పాలనుకున్న కృతజ్ఞతంతా నోటిదాకా వచ్చి ఉంది, ఎవరికి చెప్పాలో తెలియలేదు. మేస్త్రిని దించేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని, "మీ అందరికీ రుణపడి ఉంటాను బాబాయ్," అన్నాడు. మేస్త్రి "ఊరుకో," అని, చెయ్యి మాత్రం కాసేపు వదల్లేదు.

అందరూ దిగిపోయాక ఎప్పటిలాగే ఒక చెట్టు పక్కన బండి ఆపి, గుడ్డ తీసుకుని సీట్లు తుడవడం మొదలుపెట్టాడు. వెనక వరసలు అయ్యాయి. ఆమె సీటు తుడిచి, ఎదురుగా డ్రైవరు సీటు వెనక ఉన్న సంచిలో చెయ్యి పెట్టాడు. చేతికి చిన్న నీళ్ల సీసా తగిలింది. వీళ్లు రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టర్లు కొలిచి చెబుతారు. టైపిస్టమ్మ సీసా మీద పెన్నుతో మూడు గీతలు గీసి, పక్కన పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని పొందికగా రాసుకుంది. డ్రైవరు మూత బిగిసి ఉందో లేదో చూసి, దాన్ని మళ్లీ ఉన్నచోటే పెట్టాడు. నీళ్లు పొద్దున గీత దగ్గర ఆగి ఉన్నాయి.