పైన వెడల్పు తెలుపు

బుడేన్ సాహెబ్ పన్నెండో జెండాకు ఆఖరి అంచు కుట్టి, దారాన్ని పళ్ళతో తెంపాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, జెండాను కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కుడి చూపుడువేలి కొస కాయకాచి నున్నబడింది. వీపు మిషను మీదికి వంగి అలాగే ఉండిపోయింది. దుబాయ్‌లోని కరామా పేటలో ఆయన షాపుకు బోర్డు లేదు, ఆ అవసరమూ రాలేదు. ఆయన కుట్టుకు వంక పెట్టినవాడు నెల్లూరులోనూ లేడు, దుబాయ్‌లోనూ లేడు.

ఇంగ్లండు రాణి వస్తోందని ఊరంతా హడావిడిగా ఉన్న 1979 ఫిబ్రవరి అది. ఒక ఇంగ్లీషు కంపెనీ తన గేటు మీదికి పన్నెండు బ్రిటిషు జెండాలు కావాలంది, నమూనాకు పాతదొకటి పంపింది. అందులో ఐమూలగా ఉన్న ఎర్ర పట్టీ తెల్ల గుడ్డకు నడిమధ్యన లేదు, ఒక పక్కకు జరిగి ఉంది. ఎవడో చేతకాని దర్జీ పని అనుకుని బుడేన్ సాహెబ్ పన్నెండింటిలోనూ ఎర్ర పట్టీని కొలిచి మరీ మధ్యకు తెచ్చి కుట్టాడు.

ఆ ఉదయం ప్యాంట్ల కోసం వచ్చిన తెల్ల ఇంజనీరు వాటిని చూసి ఆగిపోయాడు. మీ ఇంగ్లండువే సార్ అని బుడేన్ సాహెబ్ అనగానే ఆ ఇంజనీరు మొహం ముడుచుకుంది. తనది ఇంగ్లండు కాదు, స్కాట్లండు. సుద్దముక్క తీసుకుని కత్తిరింపు బల్ల మీద రెండు దీవులు గీసి, వచ్చీరాని హిందీలో విడమరిచాడు. నిలువు, అడ్డం ఎర్ర పట్టీలు ఇంగ్లండువి. నీలం మీద ఐమూల తెలుపు స్కాట్లండుది, ఐమూల ఎరుపు ఐర్లండుది. ఎరుపును మధ్యలో పెడితే స్కాట్లండు దానికి వట్టి అంచుగుడ్డ అయిపోతుంది. అందుకే జెండా కర్ర వైపు తెలుపు, ఎరుపుకు పైన వెడల్పుగా ఉండాలి. వేల్స్ ముందే ఇంగ్లండులో కలిసిపోయింది కనక దానికి ముక్కే లేదు. ఐర్లండులో పెద్ద భాగం ఎప్పుడో విడిపోయింది, పట్టీ మాత్రం ఎవరూ విప్పలేదు.

ఆయన వెళ్ళాక బుడేన్ సాహెబ్ ఆ సుద్దగీతలనే చూస్తూ కూర్చున్నాడు. నెల్లూరు కలెక్టరు కచేరీలో తండ్రి ఇరవై ఏళ్ళు బంట్రోతుగా ఈ జెండాకు సలాం కొట్టాడు. అందులో మూడు దేశాలున్నాయని ఆయనకెవరూ చెప్పలేదు. ఇక్కడి షేకుల ఎర్ర జెండాల్లో తెల్లగుడ్డ చేర్పించిందీ ఆ దొరలేనట. లోకంలో అందరి జెండాలూ దిద్దినవాళ్ళు తమ జెండాలో ఇంత తగువు పెట్టుకున్నారా అని నవ్వొచ్చింది. సాయంత్రం అసర్ నమాజు వేళకు కంపెనీ డ్రైవరు వస్తాడని గుర్తొచ్చి ఆ నవ్వు పోయింది.

పదేళ్ళుగా పక్క మిషను మీద కుడుతున్న రాయచోటి మనిషి హయాత్ బాషా తేలిగ్గా తీసేశాడు. "ఎవురు సూస్తారు మామూ? పంపిచ్చేయ్."

"నేను చూశా గదయ్యా. బ్లేడు ఇటియ్యి."

జెండాకు నాలుగు చొప్పున నలభై ఎనిమిది పట్టీలు. ఇద్దరూ విప్పారు, ఇస్త్రీ చేశారు, కొలిచి మళ్ళీ కుట్టారు. అన్నం క్యారియరు మూత తియ్యలేదు. ఇక్కడి షేకుల ఏడు ఎమిరేట్లు ఒక దేశంగా ఒక్కటైనప్పుడు కుట్టిన జెండాల తాలూకు ఆకుపచ్చ దారం ఒక రీలు మిగిలి ఉంది. ఎవరూ తలకిందులుగా కట్టకుండా బుడేన్ సాహెబ్ ప్రతి జెండాకూ కర్ర వైపు పై మూలన, అంచు లోపల, దానితో చిన్న ముడి వేశాడు. ఆ ముడి పైకి ఉండాలని డ్రైవరుకు మూడుసార్లు చెప్పి పంపాడు.

"మా నాయన దీని కింద నిలబడినాడు. దీనికి పైనేదో కిందేదో ఈ పొద్దు నేను చెప్తుండా," అన్నాడు. అంత గర్వంగా ఆయన మాట్లాడటం హయాత్ బాషా ఎప్పుడూ వినలేదు.

బుడేన్ సాహెబ్ అసర్ నమాజు ముగించి చాప మీదే పక్కకు ఒరిగాడు. అలసిపోయాడనుకుని హయాత్ బాషా రేడియో తగ్గించి, టీ తెచ్చి పక్కన పెట్టాడు. టీ చల్లారాక లేపితే ఆయన లేవలేదు.

మూడో రోజు హయాత్ బాషా పనిగట్టుకుని కంపెనీ గేటు దాకా నడిచి వెళ్ళాడు. పన్నెండు జెండాలూ ఎగురుతున్నాయి, ఒక్కటీ తలకిందులు కాలేదు. అడక్కపోయినా కాపలావాడికి చెప్పాడు, అవి మా మామూ కుట్టినవని. షాపుకు తిరిగొచ్చి ఆయన మిషనుకు గుడ్డ కప్పబోతూ ఆగాడు. గోడ క్యాలెండరు అంచుకు ఆయన గుచ్చిపెట్టిన సూది అక్కడే ఉంది, జానెడు ఆకుపచ్చ దారంతో.