రెండుసార్లక్క మరిచిన మందు

రక్తపరీక్షల ల్యాబులో ఆవిడని అందరూ రెండుసార్లక్క అంటారు. ఏదైనా రెండుసార్లు లెక్కపెట్టందే ఆవిడకి అన్నం సహించదు. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే బాపతు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒకటే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేసి, వైరస్‌ని కడుపులో దాచుకుని నిద్రపోతున్నవి ఎన్ని ఉన్నాయో తేల్చడం. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లకి మామూలు పరీక్షలో వైరస్ కనపడదు. ఈ నిద్రమొహం కణాలు మాత్రం ఎక్కడికీ పోవు. మాత్రలు మానేస్తే లేచి కూర్చుంటాయి.

అందుకని కణాలని ప్లేటులోని బుల్లి గుంటల్లోకి పంచి, నిద్ర లేపే మందు వేసి, రెండు వారాలు వెచ్చగా ఉంచుతారు. వైరస్ బయటపడ్డ గుంట చివరి పరీక్షలో పసుపురంగుకి తిరుగుతుంది.

ఆ బుధవారం, పరీక్షకి రక్తం ఇచ్చిన టైలరు మాస్టారి ప్లేటులో ఒక్క గుంటా రంగు మారలేదు. వైరస్ ఉందని ముందే తెలిసిన కణాలు వేసిన చివరి వరస మాత్రం చక్కగా మారింది. అంటే పరీక్ష పనిచేసినట్టే.

"సున్నా అక్కయ్యా, సున్నా!" కుర్ర డాక్టరు గాల్లో తేలిపోయాడు. "మాస్టారికి ఇప్పుడే ఫోన్ చేసేస్తా."

రెండు వారాల కిందట రక్తం ఇస్తూ మాస్టారు అన్న మాట రెండుసార్లక్క చెవుల్లోనే ఉంది. "సున్నా వచ్చిన రోజు మాత్రల డబ్బా చెత్తబుట్టలో పారేస్తానమ్మా. పదకొండేళ్లు మింగాను, ఇంక చాలు."

"ఆగండి డాక్టరు గారూ. ఫోన్ కింద పెట్టండి. నన్నోసారి చూసుకోనివ్వండి."

సీసాలోంచి మందు తీసినప్పుడల్లా మూత మీద పెన్నుతో గీత పెట్టడం ఆవిడ అలవాటు. ఫ్రిజ్ తెరిచింది. మాస్టారి ప్లేటు కోసం తెప్పించిన కొత్త సీసా మూత మీద గీత లేదు. సీలు కూడా ఊడలేదు. చివరి వరసలోని కణాలు ఎప్పుడూ మెలకువగానే ఉంటాయి, వాటిని లేపే పని లేదు. మాస్టారి కణాలని మాత్రం ఎవరూ లేపలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సరిగ్గా మందు వేయబోతుంటే అల్లుడు ఫోన్ చేశాడు, "అత్తయ్యా, పాప పుట్టింది!" అని. ఆవిడ సంతోషంలో ఒళ్లు మరిచి, ప్లేటు తీసుకెళ్లి వెచ్చటి పెట్టెలో పెట్టేసింది. మనవరాలి బరువు మాత్రం రెండుసార్లు అడిగింది.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా ఫోన్ తనే చేసింది.

"మాస్టారూ, తప్పు నాది. నిద్ర లేపే మందు వెయ్యలేదు. మళ్లీ రక్తం ఇవ్వాలి. మాత్రలు ఒక్కపూట కూడా మానకండి."

అవతల కుట్టుమిషను ఆగింది. "మీరు మరిచిపోవడమేంటమ్మా?"

దాచకుండా చెప్పింది. మాస్టారు పకపకా నవ్వారు. "అలా చెప్పండి! మావాడు పుట్టిన రోజు నేనొక పెద్దమనిషి కోటుకి రెండూ ఎడమచేతులే కుట్టాను. రేపే వస్తా."

ఈసారి మూత మీద గీత పడింది. పక్కన డాక్టరు చేత సంతకం కూడా పెట్టించింది. గడువు తీరాక రంగు మారిన గుంటలు నాలుగు. రెండుసార్లు లెక్కపెట్టినా నాలుగే. అయిదేళ్ల కిందట ఇదే పరీక్షలో పదకొండు.

మాస్టారు వచ్చి ఫలితం కాగితం చూసుకున్నారు.

"తగ్గాయన్నమాట."

"తగ్గాయి. కానీ ఉన్నాయి."

"ఉండనివ్వండి, పడుకోనివ్వండి. అవి లేవకుండా నేను మాత్రలు వేసుకుంటా." జేబులోంచి కొలత టేపు తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "పాపకి గౌను కుడతాను. ఛాతీ, పొడుగు కొలిచి చెప్పండి."

ఆ సాయంత్రం ఆవిడ పడుకున్న మనవరాలి చుట్టూ మెల్లగా టేపు తిప్పింది. రెండోసారి తిప్పుతుంటే పాప లేచి కెవ్వుమంది.

"ఒకసారి చాలదూ అమ్మా!" కూతురు కసిరింది.

"చాలదే," అంటూ ఆవిడ పాపని భుజాన వేసుకుని, టేపు మీద అంకె మళ్లీ చూసుకుంది.